కొట్లాటకి రాకపోతే పిరికోడేనా? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచే వచ్చాయి. రాసినవాళ్ళకి ఒకరితో ఒకరికి పరిచయం లేదు, జిల్లాలు కూడా వేరు, కానీ నలుగురి బాధా ఒకటే. మీసం సరిగ్గా రాని కుర్రాళ్ళు గుంపులు కట్టి కొట్టుకుంటున్నారు. ఈ పేజీలో మామూలుగా చదువుల సంగతి, పెళ్ళిళ్ళ సంగతి, అత్తాకోడళ్ళ సంగతి అన్నీ కలిపి వేస్తాం. ఈసారి మాత్రం మొత్తం పేజీ దీనికే ఇస్తున్నాను. పేర్లు, ఊళ్ళు తీసేశాను.

ప్రశ్న: అక్కా, మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఊరు. మా ఆయన గుజరాత్ వెరావల్‌లో బోటు మీద కళాసీ (వలలు లాగే కూలీ). వినాయక చవితికి ముందే వెళ్ళిపోతారు, మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. నేను గంప పట్టుకుని చేపల మార్కెట్‌కి వెళ్తాను. మా గుంటడికి పదహారు, ఇంటర్ మొదటి సంవత్సరం. నిమజ్జనం రోజున డీజే దగ్గర మా ఊరి కుర్రాళ్ళకీ పక్క ఊరి వాళ్ళకీ గొడవై, ఆ ఊరి పిల్లాడికి తల పగిలి కుట్లు పడ్డాయి. పెద్దలు రాజీ చేశారు గానీ వాళ్ళు మళ్ళీ వస్తారని, ఈలోపు మనమే వెళ్ళాలని మా కుర్రాళ్ళు అనుకుంటున్నారు. మొన్న మంచం కింద పాత వల మూటలో ఇనప రాడ్డు దొరికింది. ఏంట్రా ఇది అంటే, "నేను వెళ్ళకపోతే రేపట్నుంచి నన్ను ఎవడూ పిలవడమ్మా, పిరికోడంటారు" అన్నాడు. హైదరాబాద్‌లో మా తమ్ముడి దగ్గరికి పంపేయనా? ఆయనకి చెబితే అక్కడ టెన్షన్ పడతారని చెప్పలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదక్కా.

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది మీవాడు మీతో అన్న ఆ ఒక్క మాటే. పక్క ఊరి వాళ్ళంటే వాడికి పగ ఉన్నట్టు మీరు ఎక్కడా రాయలేదు, వాడూ అనలేదు. వాడికి ఉన్నదల్లా భయం. తనవాళ్ళు తనని వదిలేస్తారన్న భయం. కోపంతో ఉన్నవాణ్ణి చల్లబరచడం ఒక పని, ఒంటరైపోతానని వణికేవాణ్ణి నిలబెట్టడం ఇంకో పని, మీరు చెయ్యాల్సింది ఈ రెండోది. ఇంకో సంగతి, పదహారేళ్ళ కుర్రాడు తల్లితో ఈ మాట అనడమే పెద్ద విషయం. చాలామంది ఇళ్ళలో ఇది పోలీసు స్టేషన్‌లో గానీ తెలియదు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. పట్నంలో ఒక గ్యాంగు వదిలేస్తే ఇంకో నలుగురు దొరుకుతారు. మీ ఊళ్ళో మీవాడి ఈడు వాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆ గుప్పెడు మందితోనే బడి, వాళ్ళతోనే కాలేజీ బస్సు, వాలీబాల్, గంగమ్మ జాతర, రేపు చదువు అబ్బకపోతే వాళ్ళతోనే వెరావల్ బోటు. బోటు మీదకి మనిషిని తీసుకునేది కూడా ఊరి వాళ్ళే, తెలిసిన సరంగే (బోటు నడిపేవాడు). అంటే ఆ గుంపు నుంచి బయటపడితే స్నేహాలే కాదు, రేపటి కూలి కూడా పోతుందేమో అన్న బెంగ వాళ్ళకి ఉంటుంది, పైకి చెప్పరు. ఇది అర్థం చేసుకోకుండా "అలాంటి ఎదవలతో తిరక్కురా" అంటే వాడి చెవికి ఎక్కదు. ఆ ఎదవలు తప్ప వాడికి ఊళ్ళో ఇంకెవరూ లేరు మరి.

2005లో అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీకి చెందిన మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. 13 నుంచి 16 ఏళ్ళ వాళ్ళు, 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళు, 24 దాటినవాళ్ళు, ఇలా మూడు వయసుల వాళ్ళ చేత కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. సిగ్నల్ పసుపులోకి మారాక ఆగుతారా, తెగించి ముందుకి పోతారా అని చూశారు. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయసుల మధ్యా పెద్ద తేడా లేదు. పక్కన స్నేహితుల్ని కూర్చోబెట్టగానే చిన్నవాళ్ళ తెగింపు ఒక్కసారిగా పెరిగిపోయింది, 24 దాటినవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఆడారు. మీవాడి విషయంలో దీనికి అర్థం ఏంటంటే, గుంపులోకి వెళ్ళాక వాడు బుద్ధిగా ఆలోచించి వెనక్కి వస్తాడని ఆశ పెట్టుకోకూడదు. ఏం చెయ్యాలో ముందే, ఇంట్లో, మీరిద్దరే కూర్చుని తేల్చుకోవాలి.

ఎలా అంటే, వాడికి ఒక సాకు ఇవ్వండి. పరువు పోకుండా తప్పుకునే సాకు. వాళ్ళు రమ్మని పిలిచినప్పుడు మీకు ఒక మెసేజ్ పెట్టమనండి, "డేటా అయిపోయింది" అనో ఇంకేదో, మీ ఇద్దరికే తెలిసిన మాట. అది రాగానే మీరు ఫోన్ చేసి పక్కవాళ్ళకి వినపడేంత గట్టిగా అరవండి, "ఎక్కడ చచ్చావురా, నానమ్మకి బాగాలేదు, వెంటనే ఇంటికి రా" అని. వాడు "మా అమ్మ చంపేస్తది రా" అని గొణుక్కుంటూ వచ్చేస్తాడు. నలుగురి ముందు మీరు గయ్యాళి తల్లి అవుతారు, అవ్వండి. తల్లికి భయపడి వెళ్ళినవాణ్ణి రెండు రోజులు ఏడిపిస్తారు, మూడో రోజు మళ్ళీ ఆటకి పిలుస్తారు. దెబ్బలకి భయపడి వెళ్ళాడని ముద్ర పడితే మాత్రం అంత తేలిగ్గా పోదు. ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు, వాళ్ళ వేడి తగ్గేదాకా చెయ్యాలి. ఇంటికి వచ్చాక ఎక్కడికెళ్ళావు, ఎవరెవరున్నారు అని పోలీసులా ప్రశ్నలు వెయ్యకండి. ముందు అన్నం పెట్టండి. ప్రశ్నలు మొదలుపెడితే రెండోసారి ఆ మెసేజ్ రాదు.

రాడ్డు మీరు దొంగతనంగా తీసి పారెయ్యొద్దు. వాడి కళ్ళ ముందే, వాడి చేతే పాత ఇనప సామాన్ల బండికి వేయించండి. గొడవలో అందరూ ముందు వెతుక్కునేది చేతికి ఏం దొరుకుతుందా అనే, అది లేకపోతే తోపులాటతో పోయేది, ఉంటే తల పగులుతుంది.

మీ ఆయనకి చెప్పకుండా ఉండకండి. బోటు ఒడ్డుకి వచ్చినప్పుడు ఫోన్ చేస్తారు కదా, ఆ రోజు చెప్పండి. ఆయన టెన్షన్ పడతారు, నిజమే, కానీ 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇళ్ళకి రాలేదు, అంత టెన్షన్లు మోసిన ఊళ్ళు మీవి. ఈ మాట ఆయన మొయ్యగలరు. ఆయన్ని ఒకటే కోరండి. మన ఊళ్ళలో నాన్న రైలెక్కేటప్పుడు కొడుకు భుజం మీద చెయ్యేసి "నేను వచ్చేదాకా ఇంటికి మగదిక్కు నువ్వే" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ పదహారేళ్ళవాడికి అది ఇంకోలా వినపడుతుంది, ఎవడైనా మీదకొస్తే నేనే కొట్టాలి అని. మీ ఆయన ఫోన్‌లో దాన్ని విడమరిచి చెప్పాలి, "మగదిక్కు అంటే కొట్టమని కాదురా, అమ్మ మార్కెట్ నుంచి వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండటం" అని. నాన్న నోటి వెంట వచ్చిన ఆ మాట వాడు మర్చిపోడు. "వచ్చాక నీ సంగతి చెప్తా" లాంటివి వద్దు, ఎండాకాలం దాకా ఆగే బెదిరింపుకి ఎవడూ భయపడడు.

హైదరాబాద్ గురించి. ఫలానా రోజు కొట్లాటకి వెళ్తున్నారని మీకు గట్టిగా తెలిస్తే వెంటనే పంపెయ్యండి, ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు. అలా కాకుండా ఏడాదంతా అక్కడే ఉంచేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. కాలేజీ పోతుంది, తిరిగి వచ్చాక "పారిపోయాడు" అన్న మాట తుడుచుకోడానికి వాడే అందరికంటే ముందు దూకుతాడు.

ఇక అన్నిటికంటే నేను మీ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్న పని ఇంకోటి ఉంది. ఆ పక్క ఊరి ఆడవాళ్ళు చేపలు ఎక్కడ అమ్ముతారు? మీరు అమ్మే మార్కెట్‌లోనే కదా. తల పగిలిన పిల్లాడి తల్లి మీకు నాలుగు గంపల అవతల కూర్చుని ఉంటుంది, లేదా ఆమె వదినో పిన్నో ఉంటుంది. మగవాళ్ళ రాజీలో ఎవరు ఎంత డబ్బు కట్టాలన్నదే తేలింది. ఆ పిల్లాడికి కుట్లు విప్పారా, తలనొప్పి వస్తోందా, స్కూలుకి వెళ్తున్నాడా అని ఎవరైనా అడిగారా? మీరు వెళ్ళి అడగండి. మొదటిసారి మొహం తిప్పుకోవచ్చు, రెండు తిట్లు తిట్టొచ్చు, పడండి. మర్నాడు మళ్ళీ పలకరించండి. రెండు ఊళ్ళ తల్లులకి పొద్దున్నే ఒకచోట కూర్చునే చోటు ఉండటం చిన్న సంగతి కాదు, మగవాళ్ళకి అలాంటిది లేదు. అక్కడి పిల్లలు ఏమనుకుంటున్నారో మీకు తెలుస్తుంది, మీ పిల్లలు ఏమనుకుంటున్నారో వాళ్ళకి తెలుస్తుంది. "మావాళ్ళు రావట్లేదమ్మా, మీవాళ్ళని కూడా ఆపుకోండి" అన్న ఒక్క మాట అటు చేరితే, వాళ్ళు వస్తారు కాబట్టి మనమే ముందు వెళ్దాం అన్న లెక్క అక్కడికక్కడే చెడిపోతుంది.

ఆ రోజూ టైమూ తెలిస్తే మాత్రం మొహమాటపడకండి. మీ గ్రామ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెకి చెప్పండి. ప్రతి స్టేషన్‌లో పిల్లల విషయాలు చూడటానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉండాలని చట్టమే చెబుతోంది, ఆయన్నీ అడగొచ్చు. రాత్రి పూట అయితే 112. పోలీసు జీపు ఒకసారి ఊళ్ళోకి వచ్చి వెళ్తే చాలు, ఆ రాత్రికి కుర్రాళ్ళందరికీ వెళ్ళకపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. అందులో సగం మంది లోపల ఊపిరి పీల్చుకుంటారు.

ప్రశ్న: మేడం, విశాఖ జిల్లా, పేరు వద్దు. వచ్చే నెలతో నాకు 18 నిండుతాయి. అగ్నివీర్ కోసం రోజూ తెల్లారుజామున ఇసకలో పరుగెడుతున్నా. మా గ్యాంగ్‌లో ఒక అన్న బర్త్‌డేకి బీచ్‌లో పెద్ద కత్తితో కేక్ కోసి స్టేటస్‌లు పెట్టాం. ఆ రాత్రే పక్క పేట కుర్రాడొకడు బండి మీద వెళ్తుంటే ఆపి కొట్టారు. నేను కొట్టలేదు, బండి తాళం మాత్రం లాక్కున్నా. అతనికి చెయ్యి విరిగింది. పోలీసులు అందరి గురించీ అడుగుతున్నారంట. "నువ్వు మైనర్‌వి, నీకేం కాదు, కర్ర పట్టుకున్నది నేనే అని నువ్వు చెప్పు" అంటున్నాడు ఆ అన్న. చెప్పకపోతే ద్రోహి అంటారు. నా మీద కేసు పడుతుందా?

జవాబు: తమ్ముడూ, పడొచ్చు. తాళం లాక్కోవడం వల్లే కదా అతను పారిపోలేకపోయాడు. అయిదుగురు గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఒకే ఉద్దేశంతో గుంపు కట్టి నేరం చేస్తే, దెబ్బ కొట్టినవాడూ పక్కన నిలబడినవాడూ ఇద్దరూ నేరస్తులే అవుతారు. పాత ఐపీసీలో ఇది 149 సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 190. అయిదుగురు లేకపోయినా, కలిసి అనుకుని చేసిన పనికి అందరూ బాధ్యులే అని చెప్పే సెక్షన్ ఇంకోటి ఉంది. కాబట్టి "నేను కొట్టలేదు" అన్నంత మాత్రాన బయటపడవు.

ఇప్పుడు వయసు సంగతి. వచ్చే నెల 18 నిండుతాయని నువ్వు భయపడుతున్నావేమో, చట్టం చూసేది సంఘటన జరిగిన రోజున నీ వయసు ఎంత అన్నది. కేసు ఎప్పుడు నడిచినా నువ్వు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తావు. నిన్ను లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వెయ్యకూడదు, 24 గంటల్లోగా బోర్డు ముందు హాజరుపరచాలి. 16 దాటినవాళ్ళని పెద్దవాళ్ళలాగా విచారించే అవకాశం ఉన్నది హత్య లాంటి ఘోరమైన నేరాల్లో. చెయ్యి విరిగిన కేసు అంత దూరం పోదు. కానీ ఇదంతా ఆ ఒక్క రాత్రికే. వచ్చే నెల తర్వాత ఇలాంటిదే జరిగితే మామూలు కోర్టు, మామూలు జైలు, ఇక నువ్వు పరుగెత్తే పరుగంతా ఇసకలోనే ఇంకిపోతుంది. సైన్యంలోకి తీసుకునే ముందు పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, నీకు తెలుసు.

ఆ అన్న మాట వినకు. నీకు నష్టం లేదని చెబుతూ తన నేరం నీ నెత్తిన పెడుతున్నాడు, అంతే. పిల్లల్ని నేరాలకి వాడుకునే పెద్దవాళ్ళకి బాలల న్యాయ చట్టంలో 83వ సెక్షన్ ఉంది, ఏడేళ్ళ దాకా కఠిన జైలు, అయిదు లక్షల జరిమానా. నీకు ద్రోహి అన్న మాట కష్టంగా ఉంది కదా, నిజంగా నీ మేలు కోరేవాడు పదిహేడేళ్ళ తమ్ముడికి తన కేసు అంటగడతాడా?

ఇవాళే అమ్మానాన్నలకి చెప్పు. తిడతారు, కొట్టినా కొడతారు, తర్వాత నీ వెంటే వస్తారు. లాయరుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. లాయర్ని తోడు పెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పు, తాళం సంగతి కూడా. ఫోన్‌లో స్టేటస్ చెరిపేస్తే సరిపోతుందనుకోకు, చూసినవాళ్ళలో ఎవరో ఒకరి దగ్గర స్క్రీన్‌షాట్ ఉంటుంది.

ఇంకోటి. నీ ఉత్తరంలో ఆ కుర్రాడి గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క, "చెయ్యి విరిగింది" అని. ఏ చెయ్యి? కుడి చెయ్యి అయితే పరీక్ష ఎలా రాస్తాడు? వేటకెళ్ళేవాడైతే వల ఎలా లాగుతాడు, ఈ నెలలో ఇంట్లో ఏం తింటారు? నువ్వు కేసు గురించి అడిగావు, చెప్పాను. ఈ ప్రశ్నలు మాత్రం నువ్వే వేసుకోవాలి తమ్ముడూ, నేను చాలా గట్టిగా అడుగుతున్నాను.

ప్రశ్న: అమ్మా, కాకినాడ జిల్లాలో ఉప్పాడ వైపు మత్స్యకార గ్రామం మాది, నేను కుల పెద్దల్లో ఒకణ్ణి. రెండు పేటల కుర్రాళ్ళు ఫ్లెక్సీ చిరిగిందని మొదలుపెట్టి సీసాలతో కొట్టుకునేదాకా వెళ్ళారు. కూర్చోబెట్టి ఇంటికి పదివేలు తప్పు వేశాం. ఒక కుటుంబం కట్టకపోతే నెల్లాళ్ళు వేటకి రావద్దన్నాం. అయినా ఆగట్లేదు. ఇంకా గట్టిగా చెయ్యాలంటున్నారు కొందరు. మీరేమంటారు?

జవాబు: పెద్దాయన గారూ, మీరు అడిగారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ పదివేలు ఎవరు కట్టారో కనుక్కున్నారా? తల్లి చెవి దుద్దులు తాకట్టు పెట్టి ఉంటుంది, లేదా డ్వాక్రా అప్పు తెచ్చి ఉంటుంది. సీసా పట్టుకున్నవాడికి ఏమీ తగల్లేదు. మీరు వేసిన శిక్ష వాడి చెల్లెలి స్కూలు ఫీజులోంచి పోయింది. ఇక ఒక ఇంటిని వేటకి రానివ్వకపోవడం తప్పు, చట్టం ముందు కూడా నిలవదు, ముందు అది ఎత్తెయ్యండి. అలా వెలివేసిన ఇంటి పిల్లాడికి ఊళ్ళో మిగిలేది ఆ గ్యాంగ్ ఒక్కటే.

ఫ్లెక్సీ చూసి మనకి నవ్వులాట అనిపించొచ్చు. దగ్గరికెళ్ళి ఒకసారి చూడండి. పైన హీరో బొమ్మ, ఎవరో నాయకుడి బొమ్మ, కింద వరసగా తపాలా బిళ్ళంత ఫోటోలు, ప్రతి ఫోటో కిందా ఒక పేరు, నల్ల కళ్ళజోళ్ళు. పదో తరగతి తప్పిన కుర్రాడి పేరు ఊళ్ళో అచ్చయి కనిపించేది ఆ ఒక్క చోటే. అది చించితే వాడికి మొహం మీద కొట్టినట్టే ఉంటుంది. ఫ్లెక్సీలు నిషేధించి ఊరుకుంటే లాభం లేదు, ఆ పేరు ఇంకో మంచి చోట కనపడాలి. జాతర కమిటీలో, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఒడ్డున పడవలు పైకి లాగే బృందంలో, వేట నిషేధం రోజుల్లో వలలు బాగుచేసే చోట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలు ఆగిపోతాయి, ఊరంతా ఒడ్డునే ఉంటుంది, పెద్దవాళ్ళు పేకాటలోనూ బెల్టు షాపు దగ్గరా ఉంటే కుర్రాళ్ళు ఇంకెక్కడ ఉంటారు చెప్పండి. ఆ బెల్టు షాపువాడు పదహారేళ్ళవాళ్ళకి అప్పు మీద పోస్తున్నాడని మీ అందరికీ తెలుసు. తప్పు వెయ్యాల్సింది ముందు వాడికి. గంజాయి పొట్లాలు కూడా చేతులు మారుతున్నాయని అనుమానం ఉంటే 1972కి చెప్పండి, అది రాష్ట్రంలో మాదకద్రవ్యాల మీద పనిచేసే ఈగల్ విభాగం నంబరు.

మీ వైపు ఇంకో కష్టం ఉంది, అది బయటివాళ్ళకి తెలియదు. ఉప్పాడ ఒడ్డు ఏటా కోసుకుపోతోంది. ఇళ్ళే మిగలని చోట వాలీబాల్ కట్టుకునే ఇసక ఎక్కడ మిగులుతుంది? ఆడుకునే జాగా పోయాక రెండు పేటల పిల్లలూ ఒకే కల్వర్టు మీద, ఒకే టీ కొట్టు దగ్గర సర్దుకోవాలి. పంచాయతీ దగ్గరో స్కూలు ఆవరణలోనో సాయంత్రం రెండు గంటలు జాగా ఇప్పించగలరేమో చూడండి. ఆటలు పెట్టినప్పుడు పేటకీ పేటకీ మధ్య పోటీ పెట్టకండి, చీట్లు తీసి జట్లు కలిపెయ్యండి. మొదటి రోజు గొణుగుతారు, తర్వాత బంతి అందించినవాడు ఏ పేటవాడో గుర్తుండదు.

తప్పు వెయ్యాలనే ఉంటే డబ్బుగా వద్దు. దెబ్బ కొట్టినవాడు దెబ్బ తిన్నవాడి ఇంటి పని చెయ్యాలి. అతను మంచాన ఉన్నన్నాళ్ళూ వాళ్ళ వల మోసుకురావాలి, బోటు దగ్గర ఐసు దించాలి, అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు మార్పించుకుని తీసుకురావాలి. వాళ్ళ అమ్మ చేతి టీ తాగి వచ్చిన ఇంటి మీదకి మళ్ళీ సీసా విసరడం అంత తేలిక కాదు. ఇదేమీ నా సొంత కవిత్వం కాదు, బాలల న్యాయ చట్టంలో కూడా బోర్డు పిల్లలకి సమాజ సేవ చెయ్యమని, కౌన్సెలింగ్‌కి వెళ్ళమని ఆదేశించవచ్చు. ఒక్క హద్దు మాత్రం మీరు దాటకండి. ప్రాణం మీదకి వచ్చిన దెబ్బ, ఆడపిల్లల మీద జరిగిన ఘోరం, వీటిని పెద్దల చావిట్లో మూసిపెట్టే హక్కు ఎవరికీ లేదు, అవి స్టేషన్‌కి వెళ్ళాల్సిందే.

చివరగా, కోపం తెచ్చుకోకండి, 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలలతో వేట చెయ్యొచ్చా లేదా అన్న గొడవలో పడవలు కాలిపోయాయి. కొట్టుకున్నవాళ్ళు పెద్దవాళ్ళే, కష్టం నిజమే, బతుకుతెరువు గొడవే. ఒడ్డున నిలబడి చూసిన పదేళ్ళ పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చే ఈడుకి వచ్చారు. మీ రెండు పేటల పెద్దలు కుర్రాళ్ళందరి ఎదుట, మన గొడవలు ఇకమీదట కూర్చుని తప్ప తేల్చుకోం అని గంగమ్మ గుడి దగ్గర ఒక మాట అనుకోండి. ఆ తర్వాత వలల దగ్గర పేచీ వచ్చిన రోజున మీరు దాని మీద నిలబడతారా లేదా అని చూసేది వాళ్ళే.

ప్రశ్న: మా తమ్ముడికి 14. నలుగురు కలిసి కొట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి సారీ చెప్పించి వీడియో తీశారు. అది ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. వాడు స్కూలు మానేశాడు, గదిలోంచి రావట్లేదు. నాన్న "మగాడివి, వదిలెయ్" అంటున్నారు. నేనేం చెయ్యాలి?

జవాబు: వదిలెయ్యకూడదమ్మా. ముందు ఆ వీడియో, పంపినవాళ్ళ నంబర్లు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ దగ్గర ఉంచండి, ఎవరికీ మళ్ళీ పంపకండి, సానుభూతి కోసం కూడా. స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నాన్న రాకపోతే అమ్మని తీసుకెళ్ళండి, వెళ్ళే ముందు 1098కి ఫోన్ చేస్తే పిల్లల కోసం పనిచేసేవాళ్ళు సాయం చేస్తారు. కేసులో ఉన్న పిల్లల పేరు, ఫోటో, వివరాలు ఏ రకంగానూ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది, కొట్టించుకున్న పిల్లాడికీ కొట్టిన పిల్లాడికీ ఇద్దరికీ వర్తిస్తుంది, తప్పితే ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఈ సంగతి ప్రతి గ్రూపు అడ్మిన్‌కీ మీ పేరుతో ఒక్క మెసేజ్‌గా పంపండి. చాలామంది భయపడి తీసేస్తారు.

తమ్ముణ్ణి "ఎందుకు ఊరుకున్నావు, ఎందుకు తిరిగి కొట్టలేదు" అని ఎవరూ అడగకుండా చూడండి. నలుగురు చుట్టుముట్టినప్పుడు సారీ చెప్పి ప్రాణంతో ఇంటికి వచ్చాడు, సరైన పనే చేశాడు, ఈ మాట మీరే వాడితో అనాలి, ఒకసారి అని ఊరుకోకుండా అంటూనే ఉండాలి. క్లాసులో వాడికి ఒక్కడైనా నమ్మకమైన స్నేహితుడు ఉంటాడు, ఆ పిల్లాణ్ణి ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, వాడితో కలిసి వెళ్తే స్కూలు గేటు దాటడం కొంచెం తేలిక. టీచరుకి ముందే చెప్పి ఉంచండి. నిద్ర పోకపోయినా, తినకపోయినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి వాడి నోటి వెంట వచ్చినా ఆగకుండా 14416కి చెయ్యండి. టెలీమానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా ఫోన్ ఎత్తుతారు. నాన్నకి ఈ పేజీ చూపించండి.